వంతెన రెండోసారి కట్టించండి

సార్, మీరు అడిగింది ఇదీ: మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో జిల్లా పరిషత్ బడి, ఏడో తరగతిలో 38 మంది, ల్యాబ్ లేదు. కాగితం వంతెన పోటీ పెట్టారు. పిల్లలు సంబరపడ్డారు. ఒక జట్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి గెలవగానే మిగతా జట్లన్నీ అదే చేశాయి. ఏది ఎందుకు నిలిచిందో మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇంట్లో తెలుగు, పుస్తకంలో మరాఠీ కావడంతో రాతలో ఇంకా తడబడుతున్నారు. ఏం మార్చాలి, ఇంకేం పనులు పెట్టొచ్చు, మార్కులెలా వేయాలి అన్నారు.

ముందు అసలు లోపం చెబుతాను. మీ పోటీ మొదటి పరీక్షతోనే ముగిసింది. పిల్లలు మొదటిసారి కట్టేది ఊహతోనే కడతారు. అది విరిగాక ఎక్కడ విరిగిందో పట్టుకుని, ఒక్క మార్పు చేసి, మళ్లీ అదే పరీక్ష పెట్టినప్పుడే వాళ్లు డిజైన్ చేస్తున్నట్టు లెక్క. కాబట్టి ఉన్న సమయంలో దాదాపు సగం మొదటి వంతెన విరిగిన తర్వాతి పనికే ఉంచండి. 40 నిమిషాల పీరియడ్లు 7 కావాలి: తడిమి చూడటానికి ఒకటి, కొలతల బొమ్మ గీయడానికి ఒకటి, కట్టడానికి ఒకటి, పరీక్షకు ఒకటి, మార్పు ఆలోచించి మళ్లీ కట్టడానికి ఒకటి, రెండో పరీక్షకు ఒకటి, గీసిన బొమ్మలు జట్ల మధ్య మార్చుకోవడానికి ఒకటి. ఏడు దొరక్కపోతే వంతెన చిన్నది చేయండి, రెండో పరీక్ష మాత్రం తీసేయకండి.

38 మందిని నలుగురేసి 8 జట్లు, ముగ్గురేసి 2 జట్లు చేయండి. ఐదుగురుంటే ఒకరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ప్రతి జట్టుకూ 75 గ్రాముల రకం (అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు) ఎ4 కాగితాలు 10, దారం ఒక మీటరు, టేపు 30 సెంటీమీటర్లు. జిగురు ఇవ్వకండి. ఫెవికాల్ గానీ మైదా జిగురు గానీ పూర్తిగా ఆరి పట్టడానికి ఒక రాత్రి కావాలి. ఆరకముందు పరీక్షిస్తే కాగితం మెత్తబడి, మీరు డిజైన్‌ను కాకుండా తడిని పరీక్షించినట్టవుతుంది. రెండు విడతలకూ కలిపి 200 కాగితాలు. 500 కాగితాల కట్ట ఒకటి కొంటే రెండు తరగతులకు సరిపోతుంది.

రెండు బల్లల మధ్య ఖాళీ 40 సెంటీమీటర్లు పెట్టండి. 25 పెడితే ఎ4 కాగితం పొడవు 29.7 కాబట్టి ఒక్క కాగితమే దాటేస్తుంది, అతుకు అనే సమస్యే రాదు. అసలు పాఠమంతా అతుకులో ఉంది. వంతెన బల్లలమీద ఊరికే ఆనాలి, టేపుతో అంటించకూడదు. ఒక చివర నుంచి మరో చివరకు డస్టర్ జారాలి అన్న షరతు కూడా పెట్టండి. ఈ షరతు లేనందుకే మీ పిల్లలందరూ గొట్టాల కట్ట దగ్గర ఆగిపోయారు. వంతెన మీద దారి ఉండాలన్నప్పుడే గొట్టాలను ఎక్కడ పెట్టాలి, పైన ఏం పరచాలి అన్న ఆలోచన వస్తుంది.

బరువు వేయడానికి తూకం అక్కర్లేదు. నీళ్లు ఒక లీటరు ఒక కిలో. వంతెన నడుమ 8 సెంటీమీటర్ల చెక్క ముక్కను అడ్డంగా పెట్టి, దానికి దారం కట్టి, కింద ఖాళీ సీసా వేలాడదీయండి. దారాన్ని నేరుగా కాగితం మీద వేస్తే అది కత్తిలా కోస్తుంది. వంతెన వంగకుండానే ఆ చోట చిరుగుతుంది, పిల్లలు దాన్ని వంతెన లోపం అనుకుంటారు. సీసా నేలకు ఒక జానెడు ఎత్తులో ఉంటే చాలు, కింద గోనె సంచి పరవండి. 100 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ, పోసినప్పుడల్లా పది లెక్కపెట్టేదాకా ఆగండి. వెనక నిలువుగా ఒక స్కేలు నిలబెడితే నడుము ఎంత దిగిందో కనబడుతుంది. 3 సెంటీమీటర్లు దిగినా, కూలినా ఓడినట్టే అని ముందే చెప్పండి. లేకపోతే సగం వేలాడుతున్న వంతెన దగ్గర పది నిమిషాలు కొట్లాట. ఒక్కచోటే పరీక్షిస్తే పీరియడ్ చాలదు, రెండు చోట్ల పెట్టండి.

మొదటి పీరియడ్‌లో కట్టడం వద్దు. ప్రతి పిల్లవాడి చేతికీ ఒక ప్లాస్టిక్ స్కేలు, కొన్ని కాగితం పట్టీలు ఇవ్వండి. స్కేలును పడుకోబెట్టి వంచమనండి, సులువుగా వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచమనండి, వంగదు. వస్తువు అదే, ప్లాస్టిక్ అదే. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ అంచు మీద నిలబడితే, పడుకున్నప్పటికంటే 100 రెట్లు తక్కువ వంగుతుంది. ఎందుకంటే వంగకుండా నిలిచే గుణం వెడల్పు పెరిగితే అంతే పెరుగుతుంది, ఎత్తు పెరిగితే ఎత్తు ఘనం లెక్కన పెరుగుతుంది. ఏడో తరగతికి ఘనం లెక్క వద్దనుకుంటే ఇంత చెప్పండి: ఎత్తు రెట్టింపయితే బిగువు ఎనిమిది రెట్లు.

కాగితానికి పోగు దిక్కు ఉంటుందని కూడా అప్పుడే చూపండి. ఒకే కాగితంలోంచి రెండు పట్టీలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకే కొలతలో కత్తిరించి, రెండింటినీ ఒక చివర పట్టుకుని గాల్లో చాపితే ఒకటి ఎక్కువ వాలుతుంది. వాలనిది పోగు వెంట కత్తిరించినది. వడ్రంగి కొయ్యలో పోగు చూసి కోసినట్టే ఇదీ. టేకు కోసే ఊళ్ల పిల్లలకు ఈ ముక్క ఇట్టే ఎక్కుతుంది.

ఇక పరీక్షలో ఏం జరుగుతుందో వివరంగా చెబుతాను, మీరు చూడాల్సింది అక్కడే ఉంది.

మడతల వంతెన తీసుకోండి, విసనకర్రలా 2 సెంటీమీటర్ల మడతలు. మొదటి 300 గ్రాములకు గట్టిగా కనిపిస్తుంది. తర్వాత మడతలు పక్కలకు పరుచుకోవడం మొదలవుతుంది. పరుచుకున్న కొద్దీ ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గిన కొద్దీ ఇంకా వంగుతుంది, అంతే, ఒక్కసారిగా కూలుతుంది. పిల్లలు "బరువెక్కువైంది సార్" అంటారు. ఆ జవాబు ఒప్పుకోకండి. "ఎందుకు విరిగింది" అని అడగకుండా "మొదట ఏది కదిలింది" అని అడగండి. అందుకోసమే ప్రతి జట్టులోనూ ఒకరిని వంతెన ఎత్తుకు కన్ను ఆనించి కూర్చోబెట్టాలి. ఫోనులో నెమ్మది వీడియో తీస్తే ఇంకా మంచిది. మడతలు పరుచుకున్నాయని కళ్లారా చూసిన పిల్లవాడు, అడుగున ఒక చదును కాగితం అంటించి మడతలను కట్టేయాలని తనే చెబుతాడు. మీరు ఆ మాట ముందు చెప్పేస్తే పాఠం మీ దగ్గరే ఉండిపోతుంది.

గొట్టాల వంతెనలో లోపం వేరు. పెన్సిలు మీద బిగువుగా చుట్టిన గొట్టం పొడవునా బలంగానే ఉంటుంది, కానీ బల్ల అంచు దగ్గర, చెక్క ముక్క కింద నలుగుతుంది. నలిగిన చోట గొట్టం చదునైపోతుంది, చదును కాగితం వంగుతుంది. చుట్ట వదులైపోవడం ఇంకొకటి: రెండు చివరలా, నడుమనా చిన్న టేపు ముక్క లేకపోతే చుట్ట విప్పుకుంటుంది. 30 సెంటీమీటర్ల టేపును ఎక్కడ ఖర్చుపెట్టాలన్న లెక్క అందుకే ముఖ్యం.

అతుకు సంగతి. చివరలు బల్లల మీద మూడేసి సెంటీమీటర్లు ఆనాలంటే వంతెన పొడవు 46. రెండు కాగితాలను 10 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కలిపితే 49.4 వస్తుంది, సరిపోతుంది. పైగా ఎక్కువ వంపు పడే నడుమ భాగంలోనే కాగితం రెండు పొరలవుతుంది. చాలా జట్లు 2, 3 సెంటీమీటర్లే ఎక్కించి, మిగిలిన పొడవును బల్ల మీద వృథాగా వదులుతాయి. వంతెన సరిగ్గా ఆ అతుకు దగ్గరే తెరుచుకుంటుంది. టేపు అతుకు పక్కకు లాగితే నిలుస్తుంది, పైకి ఒలిస్తే ఊడుతుంది. అడుగు వైపు వేసిన టేపుకు లాగుడు పడుతుంది, పై వైపు వేసినది ముడతపడి పనికిరాకుండా పోతుంది. ఇది ఒక ముక్క తీసి చేత్తో చూపించండి.

ఎందుకు ఎప్పుడూ పై భాగమే ముందు ముడతపడుతుంది? కాగితం లాగుడుకు గట్టిది, నొక్కుడుకు బలహీనం. పలచనిది కాబట్టి నొక్కితే పక్కకు తొలగుతుంది. వంగే వంతెన పై భాగం నొక్కుడులో, అడుగు లాగుడులో ఉంటాయి. ఈ ఒక్క వాక్యం పిల్లల చేత వాళ్ల మాటల్లో రాయించగలిగితే ఈ ఏడు పీరియడ్లూ దక్కినట్టే.

గెలుపును మోసిన బరువుతో కొలవకండి. మోసిన బరువును వంతెన సొంత బరువుతో భాగించండి. ఎ4 కాగితం ఒకటి సుమారు 4.7 గ్రాములు, కాబట్టి వాడిన కాగితాలు లెక్కపెడితే చాలు. 10 కాగితాలు 47 గ్రాములు. 1,400 గ్రాములు మోస్తే అంకె 30. రెండో విడతలో 8 కాగితాలతో 1,300 మోస్తే అంకె 35. బరువు తక్కువ మోసినా డిజైన్ మెరుగైంది. ఈ లెక్క వచ్చాక పక్క జట్టును చూసి అదే కట్టడం తగ్గుతుంది, ఎందుకంటే అదనంగా పెట్టిన ప్రతి కాగితానికీ జవాబు చెప్పాల్సి వస్తుంది. రెండో విడతకు నియమం ఒక్కటే: ఒకే మార్పు. రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పిల్లలకు ఇది కష్టంగా ఉంటుంది, అన్నీ మార్చేయాలనిపిస్తుంది. మీరు గట్టిగా నిలబడండి.

ఒక జాగ్రత్త. వానాకాలంలో కాగితం గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది. మొదటి పరీక్ష ఎండ రోజునా, రెండోది ముసురులోనూ పెడితే అంకెలు పోల్చలేరు. కుదరకపోతే రెండు రోజులూ ఒకే తీరు పట్టీని చాపి ఎంత వాలిందో కొలిచి పుస్తకంలో రాయించండి, తేడా ఎక్కడిదో తెలుస్తుంది.

త్రిభుజం బలం చూపాలంటే అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు చాలు. మధ్యప్రదేశ్ పల్లె బడుల్లో నడిచిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం రోజుల్లో, పారేసే వస్తువులతో సైన్సు ఆటబొమ్మలు చేయించే అరవింద్ గుప్తా ఈ పద్ధతిని పిల్లల్లోకి తెచ్చారు. తర్వాత పుణెలోని ఖగోళశాస్త్ర కేంద్రం ఐయూకాలో ఏళ్ల తరబడి ఇలాంటి ఆటబొమ్మలే చేయించారు, 2018లో పద్మశ్రీ వచ్చింది. పుల్లల మందు ముందే గీకేయండి. ట్యూబును 2 సెంటీమీటర్ల ముక్కలు కోసి, రెండు పుల్లలను రెండు వైపులా గుచ్చితే కీలు తయారు. మూడు పుల్లలు కలవాలంటే ముక్క నడుమ సూదితో పొడిచి మూడోది దూర్చాలి. చతురస్రాన్ని నొక్కితే పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం కదలదు. పది నిమిషాల పని, రెండో విడతకు ముందు చూపిస్తే బాగుంటుంది.

భాష గురించి. కట్టేటప్పుడు, వాదించుకునేటప్పుడు తెలుగే మాట్లాడనివ్వండి. మరాఠీలో మాట్లాడమంటే ధైర్యమున్న ఇద్దరే మాట్లాడతారు. ముందు వాళ్ల మాటలనే గోడ మీద రాయండి: లాగుడు, నొక్కుడు, వంగుడు, మెలితిరుగుడు, నలుగుడు. పక్కనే మరాఠీ మాట రాయండి: లాగుడుకు తాణ్, బరువుకు భార్, బలానికి బల్. ఒకచోట జాగ్రత్త పడండి. పుస్తకంలో దాబ్ అంటే పీడనం, అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద ఎంత బలం పడుతోందన్న కొలత. పిల్లలు నొక్కుడు అన్న ప్రతిచోటా దాబ్ అని రాస్తారు. నొక్కే బలం వేరు, అది ఎంత చోటు మీద పరుచుకుందన్నది వేరు. చెక్క ముక్క పెట్టినప్పుడు, పెట్టనప్పుడు దారం చేసిన పనిని గుర్తుచేస్తే తేడా తెలిసిపోతుంది: బరువు అదే, దాబ్ మారింది.

ఇక బొమ్మ. సాంకేతిక అక్షరాస్యత అంటే నా దృష్టిలో ఇదే: నువ్వు గీసింది చూసి, నువ్వు పక్కన లేకుండా, ఇంకొకరు కట్టగలగాలి. ఏడో పీరియడ్‌లో బొమ్మలు మార్చుకోమనండి. ఒక జట్టు బొమ్మ మరో జట్టు చేతికి వెళుతుంది, ప్రశ్నలు అడగడానికి వీల్లేదు, 25 నిమిషాల్లో అందులోని ఒక భాగాన్ని కట్టాలి. కట్టలేకపోతే ఏ కొలత లేదో బొమ్మ మీదే ఎర్ర పెన్నుతో రాయాలి. మామూలుగా వచ్చే తప్పులు: ఒక్క ఏటవాలు బొమ్మ గీసి వదిలేయడం (ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి కావాలి), అంకె రాసి కొలమానం రాయకపోవడం, మడత ఎత్తు చెప్పి ఎన్ని మడతలో చెప్పకపోవడం, టేపు ఎక్కడ వేయాలో గీయకపోవడం. ఊళ్లో వడ్రంగులు అంగుళాల్లో, సూతుల్లో మాట్లాడతారు, అంగుళానికి 8 సూతులు, ఒక సూత్ 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇంట్లో విన్న కొలతలు కూడా వాడనివ్వండి, కానీ ఒక బొమ్మలో ఒకే కొలమానం.

మార్కులు 20 అనుకుంటే: కట్టకముందే ఎంత మోస్తుంది, ఎక్కడ విరుగుతుంది అన్న అంచనాకు 3 (తప్పయినా సరే, కారణం ఉండాలి), కొలతల బొమ్మకు 5, పోసిన నీళ్లు, నడుము దిగిన కొలత రాసిన పరీక్ష పట్టికకు 4, మార్పుకూ దాని కారణానికీ 5, అవతలి జట్టు కట్టగలిగిందా అన్నదానికి 3. మోసిన బరువుకు సున్నా. దానికి మార్కు పెట్టిన క్షణం మళ్లీ అందరూ గెలిచినవాళ్ల వంతెననే చూసి కడతారు.

రెండో పనిగా నేను మీ చోటికి సూచించేది ఇసుక పెట్టె. మేడిగడ్డ బ్యారేజీ ఒక ఒడ్డు మీ తాలూకాలోనే ఉంది. 2019 జూన్‌లో ప్రారంభమైన ఆ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు చెప్పిన కారణాల్లో పునాది కింది ఇసుక నీటితో కొట్టుకుపోయి ఉండొచ్చన్నది ఒకటి. పిల్లలు ఇంట్లో ఆ మాట వినే ఉంటారు. ఇసుక ఎలా కొట్టుకుపోతుందో కళ్లకు చూపొచ్చు.

20 సెంటీమీటర్ల ఎత్తున్న పారదర్శక ప్లాస్టిక్ పెట్టె తీసుకోండి. ప్రాణహిత ఇసుకను పిండి జల్లెడ పట్టి, మట్టి పోయేదాకా కడగండి. పెట్టెలో ముందు నీళ్లు పోసి, ఆ నీళ్లలోకి ఇసుక జారవిడవండి. పొడి ఇసుక పోసి నీళ్లు పోస్తే గాలి బుడగలు ఇరుక్కుని ఫలితం చెడుతుంది. ఇసుక మందం 8 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ పరీక్ష అట్టను పెట్టె వెడల్పుకు కోసి, ఇసుకలోకి 1 సెంటీమీటరు దిగేలా నడుమ అడ్డుగోడగా నిలబెట్టండి. ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే: అట్టకూ పెట్టె గోడకూ మధ్య సందు ఉంటే నీళ్లు కింద నుంచి కాక పక్క నుంచి పోతాయి. ఆ రెండు అంచులనూ ఇసుక లోపలి భాగంతో సహా బంకమట్టితో మెత్తాలి.

ఒక వైపు నెమ్మదిగా నీళ్లు పోస్తూ మట్టం పెంచండి, రెండో వైపు ఇసుక పైకి వచ్చిన నీటిని స్పాంజితో తీసేస్తూ ఉండండి. కాసేపటికి అవతలి వైపు, గోడను ఆనుకుని, ఇసుక ఉడికినట్టు కుతకుతలాడుతుంది. పైకి వచ్చే నీటి ఒత్తిడి ఇసుక రేణువుల బరువుకు సమానమైన క్షణం అది. అప్పటి రెండు మట్టాల తేడా రాసుకోండి. గోడను 2, 3 సెంటీమీటర్ల లోతుకు దించి మళ్లీ చేయండి. లెక్క ప్రకారం ఆ తేడా గోడ దిగిన లోతుకు సుమారు మూడు రెట్లుండాలి, అంటే 3, 6, 9 సెంటీమీటర్లు. మీకు తక్కువే వస్తుంది, అంచుల లీకు వల్ల. అంకెలు అటూ ఇటైనా, లోతు పెరిగితే తట్టుకోవడం పెరగడం కనిపించాలి. కనిపించకపోతే బంకమట్టి మళ్లీ మెత్తండి. డిజైన్ పని ఏమిటంటే, గోడ 1 సెంటీమీటరే దించాలి, 6 సెంటీమీటర్ల మట్టం తట్టుకోవాలి, ఇంకేం చేస్తావు? కొందరు నీళ్లున్న వైపు బంకమట్టి పరుపు వేసి నీటి దారి పొడవు పెంచుతారు. కొందరు అవతల కంకర కప్పుతారు. కంకర కింద సన్న గుడ్డ లేకపోతే ఇసుక సందుల్లోంచి వచ్చేస్తుంది. పిల్లలు ఈ పెట్టె చూసి బ్యారేజీ ఎవరి తప్పు అన్న తీర్పులోకి వెళ్తారు. అక్కడ ఆపండి. పెట్టె చూపించేది నీళ్లు ఇసుకను ఎలా కదిలిస్తాయో మాత్రమే. అసలు కట్టడంలో బరువు, నిర్మాణం, నిర్వహణ అన్నీ కలిసి ఉంటాయి.

మూడోది చిన్నది, నీళ్లను ఏది చల్లగా ఉంచుతుందో చూడటం. ఒకే కొలత నీళ్లున్న స్టీలు గ్లాసులకు గోనె, టేకాకు, తడిగుడ్డ, కాగితం చుట్టి నీడలో పెట్టి, ఐదు నిమిషాలకోసారి థర్మామీటరుతో ఉష్ణోగ్రత రాయడం. ఏమీ చుట్టని గ్లాసు ఒకటి తప్పకుండా ఉండాలి.

కరెంటు పనులు ఎనిమిదో తరగతికి వదిలేయండి. అప్పుడు చేయిస్తే, రెండు పెన్సిల్ సెల్స్ వరసగా కలిపి 3 వోల్టులతో ఎర్ర ఎల్‌ఈడీని నేరుగా పెట్టకండి, దానికి 2 వోల్టుల దగ్గర చాలు, మాడిపోతుంది. 100 ఓంల రెసిస్టరు వేయండి. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు దాదాపు సరిపోతాయి.

ఏ నెలలో ఏది అంటే, విదర్భలో బడి జూన్ చివర తెరుస్తారు. నది నిండుగా ఉన్న జులై, ఆగస్టుల్లో ఇసుక పెట్టె, గాలి పొడిబారే డిసెంబరు, జనవరుల్లో కాగితం వంతెన, మార్చిలో చల్లని గ్లాసు. ఇసుకను మాత్రం వేసవిలోనే తెచ్చి కడిగి ఆరబెట్టి సంచిలో కట్టి ఉంచుకోండి. వరద మొదలయ్యాక రేవుకు పిల్లల్ని పంపకండి.